చేపలు ఎక్కడ కొనాలి? పెరంబూరు నుంచి మాండవి దాకా ఒక పాత లెక్క



పోయిన ఆదివారం మీటింగులో జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. పిల్లల చదువు గదిలో మనం చందాలు వేసుకుని అద్దాల తొట్టి పెట్టాం. ఇరవై చేపలు తెచ్చి వేశాం. తొమ్మిది రోజుల్లో పదిహేడు చచ్చిపోయాయి. పిల్లలు రోజూ పొద్దున్నే వచ్చి ఎన్ని మిగిలాయో లెక్క పెట్టుకుని వెళ్లారు. అది చూడలేకపోయాం.

మీటింగులో మూడు మాటలు వచ్చాయి. ఒకటి, చేపలు అమ్మిన పిల్లవాడి దగ్గర డబ్బు వాపసు తీసుకోవాలని. రెండు, ఇక మన వాళ్లెవరూ ఆ దుకాణం మెట్లు ఎక్కొద్దని, అతని పేరు గ్రూపులో పెట్టాలని. మూడు, ఈసారి హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో నేరుగా తెప్పించుకుందామని. మేము లేచి, వచ్చే ఆదివారం దాకా ఆగండి, కొంచెం కనుక్కుని రాస్తామని చెప్పాం. కొందరు నవ్వారు. 'కాకా, చేపల గురించి కూడా రాస్తరా?' అని అడిగారు. రాస్తాం. ఎందుకంటే ఈ విషయంలో మాకు ఒక పాత బాకీ ఉంది. అది చివరికి చెబుతాం.

ముందు మా సంగతి. మా నాన్నగారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పని చేశారు. 1955లో నెహ్రూ గారు ప్రారంభించిన ఫ్యాక్టరీ అది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మేము తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర, పాత వారపత్రికల మీద నేర్చుకున్నాం. కాబట్టి తప్పులుంటే పెద్ద మనసు చేసుకోండి. పెరంబూరుకు ఆనుకుని కొళత్తూరు అనే ఊరు. మా చిన్నప్పుడు అక్కడ చెరువులు, పొలాలు. రెట్టేరి గట్టు మీద సెలవు రోజు మొత్తం గడిపేవాళ్లం. ఆ కొళత్తూరే తర్వాత దేశం మొత్తానికి రంగు చేపలు పంపే ఊరు అయింది. తమిళంలో వాటిని 'వణ్ణ మీన్' అంటారు. వణ్ణం అంటే రంగు. ఈ రోజు మనం నాందేడ్‌లో కొన్నా, ఆదిలాబాద్‌లో కొన్నా, ఆ సంచిలోని చేప పుట్టిల్లు కొళత్తూరు చుట్టుపక్కల కావడానికి చాలా అవకాశం ఉంది. అందుకే 'ఎక్కడ కొనాలి' అన్న ప్రశ్నకు జవాబు ఒక దుకాణం పేరు కాదు. ఆ చేప ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారింది, ఏ నీళ్లలోంచి ఏ నీళ్లలోకి వచ్చింది అన్నది తెలియాలి. అంటే దాని చరిత్ర తెలియాలి.

చేపను తినడానికి కాక చూడటానికి పెంచడం మన ప్రాంతానికి కొత్త కాదు. కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రాయించాడు. అందులో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎలా ఉంటుంది, దేనికి ఏ మేత వెయ్యాలి, గాలంతో ఎలా పట్టాలి అని అందులో ఉంది. అది రాజుల ఆట గురించే. అయినా మేత వేసి, చేప గుణం కనిపెట్టి చూడటం అందులో కనిపిస్తుంది. ఆ రాజ్యంలో మన నాందేడ్ సీమ కూడా ఉండేది. దెగ్లూరు దగ్గర హొట్టల్ గుళ్లు చూసిన వాళ్లకు ఆ కాలం పనితనం తెలుసు.

గోల్డ్ ఫిష్ మాత్రం చైనాది. సోంగ్ వంశం కాలం నాటికి అక్కడి కొలనుల్లో బంగారు రంగు చేపను ఏరి, వాటికి వాటినే కలిపి పెంచడం బాగా సాగింది. అక్కడి నుంచి జపాన్‌కు, 17వ శతాబ్దంలో యూరప్‌కు పోయింది. అద్దాల తొట్టి ఇంకా తర్వాతి సంగతి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో చేపల్ని, నీటి మొక్కల్ని, నత్తల్ని కలిపి ఉంచి, నీళ్లు అస్తమానం మార్చకపోయినా అవి బతకగలవని చూపించాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట జనంలోకి వచ్చింది. వారింగ్టన్ చూపించింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, బతికి ఉండాల్సింది చేప ఒక్కటే కాదు, నీళ్లు కూడా. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మన పదిహేడు చేపల లెక్క అక్కడే తేలుతుంది.

మన దేశంలో మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో అక్వేరియం తెరిచారు. మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ దాని వెనక ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది. మా తాతగారు చూసిన వాళ్లలో ఒకరు. అద్దం వెనక పాము లాంటి చేప ఒకటి తననే చూసిందని ముసలితనంలో కూడా చెప్పేవారు. బొంబాయిలో మెరీన్ డ్రైవ్ మీద తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో వచ్చింది. ఇవి పెద్దలు కట్టినవి. ఇంటింటికీ తొట్టి వచ్చింది మాత్రం చిన్న చిన్న పెంపకందార్ల వల్ల. కలకత్తాలో బాగ్‌బజార్ దగ్గర గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంత, హౌరా పల్లెల్లోని కుంటలు ఒక వైపు. కొళత్తూరులో పెరట్లో కట్టిన సిమెంటు తొట్లు ఇంకో వైపు. ఆడవాళ్లు వంట ముగించుకుని వచ్చి గప్పీ పిల్లల్ని, మోలీ పిల్లల్ని తల్లి దగ్గరి నుంచి వేరు చేసేవాళ్లు. తల్లి తన పిల్లల్నే తినేస్తుంది మరి. ఈ పనితో ఎన్నో కుటుంబాలు ఇల్లు కట్టుకున్నాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాయి.

ఇప్పుడు మా శాఖ సంగతికి వద్దాం, అంటే పార్సెల్ ఆఫీసు. రైలుకూ చేప పిల్లకూ చాలా పాత బంధం. పూర్వం చెరువుల్లో వేసే బొచ్చె, రాగండి పిల్లల్ని నదుల్లోనే పట్టేవాళ్లు. బెంగాల్ నుంచి మట్టి కుండల్లో పెట్టి రైల్లో దూర దేశాలకు తీసుకుపోయేవాళ్లు. కుండల వెంట మనిషి ఉండి, దారి పొడుగునా చేత్తో నీళ్లు కదుపుతూ, గాలి పట్టిస్తూ కూర్చోవాలి. అతను నిద్రపోతే కుండ పోయినట్టే. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూదిమందుగా ఇచ్చి మన కార్ప్ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటి నుంచి నది మీద ఆధారపడే అవసరం తగ్గింది. మన తెలుగు జిల్లాల్లో చేపల చెరువులు అంతగా పెరగడానికి పునాది అదే. ఏటా జులై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుకోవడం అందుకే.

కుండ పోయి ప్లాస్టిక్ సంచి వచ్చింది. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్. ప్యాక్ చేసే ముందు చేపను ఒకటి రెండు రోజులు పస్తు ఉంచుతారు. ఎందుకంటే తిన్న చేప సంచిలోనే విసర్జిస్తుంది, ఆ నీళ్లు దానికే విషమవుతాయి. ఇలా కట్టిన సంచి ఒక రోజు, మంచి చల్లటి వేళల్లో ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అంతే. ఆ తర్వాత ప్రతి గంటా చేప ఆయుష్షు లోంచే పోతుంది.

ఇక మన దారి చూడండి. మన కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్‌లో కలిసి బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1960 నుంచి మహారాష్ట్ర. మనం కదలలేదు, సరిహద్దు కదిలింది. మన చుట్టాలు సరిహద్దు అవతలే ఉండిపోయారు. అందుకే ఈ రోజుకీ మాండవిలో బియ్యమైనా బట్టయినా సగం సామాను అటు నుంచి, సగం ఇటు నుంచి వస్తుంది. రైలు చూస్తే, నిజాం కాలంలో వేసిన సికింద్రాబాద్ - మన్మాడ్ లైను, ముద్ఖేడ్ నుంచి కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ లైను, రెండూ మీటర్ గేజే. మద్రాసు నుంచి వచ్చేది బ్రాడ్ గేజ్. అంటే మద్రాసు పార్సెల్ ఏదైనా నడిమిట్లో ఒక చోట దించి, ప్లాట్‌ఫారం దాటించి, చిన్న బండిలోకి ఎక్కించాలి. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో మన లైను మారేదాకా ఇదే కథ.

ఇప్పుడు ఆ పాత బాకీ.

1989 మే నెల. మేము అప్పుడు గేజ్ మారే ఒక జంక్షన్‌లో పార్సెల్ గుమాస్తాగా ఉన్నాం. మద్రాసు నుంచి పద్నాలుగు చేపల సంచులు అట్టపెట్టెల్లో వచ్చాయి. వే బిల్లు మీద పంపినవాడి ఊరు కొళత్తూరు అని చూడగానే ప్రాణం లేచి వచ్చింది. పెట్టెల మీద తమిళంలో చేత్తో రాసి ఉంది, 'ఉయిరుళ్ళ మీన్, నిళలిల్ వైక్కవుం' అని. ప్రాణమున్న చేప, నీడలో పెట్టండి అని అర్థం. ఆ డ్యూటీలో తమిళం చదవగలిగింది మేము ఒక్కళ్లమే. ఆ పూట పెళ్లిళ్ల సామాను, మామిడి బుట్టలు. కనెక్షన్ బండి తప్పింది. తర్వాతి బండి రాత్రికి. నీడలోకి జరిపిద్దాం, హమాలీలు తిరిగి రానీ అనుకున్నాం. అనుకుంటూనే మూడు గంటలు గడిచాయి. ఎండ జరిగి పెట్టెల మీదికి వచ్చింది. సాయంత్రం మేము వెళ్లి చూస్తే సంచులు వెచ్చగా ఉన్నాయి. చేపలు పైకి తేలి ఉన్నాయి.

సరుకు తీసుకోవాల్సిన వ్యాపారి వచ్చి, పంపినవాడు చచ్చిన చేపలు పంపాడని తిట్టి, డబ్బు ఇవ్వనని వెళ్లిపోయాడు. సరుకు ఓనర్స్ రిస్కు మీద బుక్ అయింది కాబట్టి కాగితం మీద ఎవరికీ ఏమీ కాలేదు. నెల తర్వాత కొళత్తూరు నుంచి ఒక పోస్టు కార్డు వచ్చింది. తమిళంలో రాశాడు. అయ్యా, నా చేపలు ఎక్కడ చచ్చాయో కాస్త రాసి పంపండి, వ్యాపారి నాకు ఇక ఆర్డరు ఇవ్వనంటున్నాడు అని. మేము జవాబు రాయలేదు. చేతకాక కాదు, భయంతో. తమిళం వచ్చినవాడికే ఆ కార్డు వచ్చింది, వాడే నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా ఈ వారమే చెప్పాం.

అందుకే పోయిన ఆదివారం 'పేరు గ్రూపులో పెట్టాలి' అన్న మాట వినగానే మాకు ఆ పోస్టు కార్డు గుర్తొచ్చింది.

బుధవారం మేమిద్దరం ఆ పిల్లవాడి దుకాణానికి వెళ్లాం. గోడవారగా పన్నెండు తొట్లు. అతను మమ్మల్ని చూసి భయపడ్డాడు. 'కాకా, పైసలు వాపస్ ఇస్త, కానీ నా పేరు ఖరాబ్ చెయ్యకుండ్రి' అన్నాడు. మేము కూర్చుని ఒక్కొక్కటే అడిగాం. చేపలు ఏ రోజు వచ్చాయి? 'మీరు కొన్న ముందు రోజు రాత్రి, హైదరాబాద్ నుంచి.' తొట్టి ఎంతదని మమ్మల్ని అడిగావా? 'అడగలె.' తెల్ల మచ్చలున్న చేప ఏదైనా ఉందా? తల దించుకుని, ఒక తొట్టిలో ఉండిందని ఒప్పుకున్నాడు. తర్వాత అతనే మమ్మల్ని అడిగాడు, 'కాకా, మీరు తొట్టిల నీళ్లు ఏ రోజు పోసిండ్రు?'

చేపలు వేసిన రోజు పొద్దున. బోరు నీళ్లు. అది మన జవాబు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే యాభై ఆరు లీటర్లు. ఇసుక, రాళ్లు పోను యాభై లోపే. అందులో ఎనిమిది గోల్డ్ ఫిష్, ఆరు నియాన్ టెట్రాలు, మూడు ఏంజిల్ చేపలు, మూడు నల్ల మోలీలు. చేప విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో అవి నిలబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనం ఒక్క పూట కూడా ఇవ్వలేదు. పైగా గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్లు కోరుతుంది, బాగా మురికి చేస్తుంది. నియాన్ టెట్రా అమెజాన్ వాగుల మెత్తటి నీటి చేప. మన బోరు నీళ్లకు గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది, అంత కఠినం. మోలీకి మాత్రం ఆ కఠినమే ఇష్టం. చివరికి మిగిలిన మూడు ఏవి? మూడు నల్ల మోలీలు. ఆ మూడూ సాక్ష్యం చెబుతున్నాయి.

మా తీర్పు అడిగితే, రూపాయిలో పది అణాలు తప్పు మనది, ఆరు అణాలు అతనిది. ఆరు అణాలు ఎందుకంటే రాత్రి దిగిన చేపను పొద్దున అమ్మాడు, మచ్చల తొట్టి సంగతి చెప్పలేదు. అది చిన్న తప్పు కాదు. కానీ దుకాణం మూయించే తప్పు కూడా కాదు.

హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో నేరుగా తెప్పిద్దామన్న వాళ్లకు కూడా ఒక మాట. పుట్టిన చోటు దగ్గర కొంటే మంచి చేప వస్తుంది, నిజమే. కానీ ఆ ప్రయాణం అలసట మొత్తం మన తొట్టిలో పడుతుంది, చూసి ఏరుకునే వీలుండదు. ఆ అలసటను తన తొట్టిలో రెండు వారాలు ఉంచుకుని, బతికినవే అమ్మేవాడు దగ్గరలో ఉంటే, అతనే మనకు మేలు. కాబట్టి ఎక్కడైనా సరే, కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి.

చేప ఎప్పుడు దిగిందో అడగండి. రెండు వారాలు నిండకపోతే బయానా ఇచ్చి రండి, చేపను అక్కడే ఉంచండి. మీ ముందు మేత వెయ్యమనండి. ఆరోగ్యంగా ఉన్న చేప పరుగెత్తుకు వస్తుంది. రెక్కలు విచ్చుకుని ఉండాలి, ఒంటికి అంటుకుని ఉండకూడదు. కన్ను తేటగా ఉండాలి. పొట్ట లోపలికి పోయి ఉండకూడదు. పైకొచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంటే, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే వద్దు. ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుంటే ఆ తొట్టిలో ఏ చేపా వద్దు. తొట్టిలో ఒక్క చచ్చిన చేప ఉన్నా, ఒకే వల అన్ని తొట్లలో ముంచుతున్నా ఆలోచించండి. మీ తొట్టి ఎంత, నీళ్లు ఎలాంటివి అని తిరిగి మిమ్మల్ని అడిగే దుకాణదారు దొరికితే వదలకండి. ఇంటికి తెచ్చాక కట్టిన సంచిని పావుగంట తొట్టి నీటి మీద తేలనిచ్చి వేడి సమం చెయ్యండి. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి అలా వదిలేయకండి. గాలి తగిలితే అందులోని అమ్మోనియా ఇంకా విషమవుతుంది. చేపను మెల్లగా వలతో తీసి తొట్టిలో వదలండి, సంచి నీళ్లు పారబొయ్యండి.

ఇంకొకటి. పెంచలేక విసిగితే చేపను పెన్‌గంగలోనో చెరువులోనో వదలకండి. తొట్టి అడుగు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప ఆంధ్రలో చెరువుల్లోకి చేరి, వలలు చింపుతోంది. అక్కడి రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.

ప్రభుత్వం కూడా దీని మీద ఆలోచించకపోలేదు. 2017లో కేంద్రం అక్వేరియం దుకాణాలకు నిబంధనలు తెచ్చింది. గుండ్రటి గాజు గిన్నెల్లో చేప పెట్టకూడదని కూడా అందులో ఉంది. బతుకు పోతుందని పెంపకందార్లు ఎదురు తిరిగారు, తర్వాత ఆ నిబంధనలు వెనక్కి పోయాయి. చట్టం వచ్చినా పోయినా, కొనేవాడు అడిగే ప్రశ్న మాత్రం మన చేతిలో ఉంది. పదిమంది అడిగితే ఏ దుకాణమైనా మారుతుంది. ఆ పిల్లవాడు బుధవారమే మా ముందు ఒక ఖాళీ తొట్టి మీద సుద్దముక్కతో చేపలు దిగిన తేదీ రాయడం మొదలుపెట్టాడు.

వచ్చే ఆదివారం మీటింగుకు మా ప్రతిపాదన ఇది. డబ్బు వాపసు అడగొద్దు, పేరు ఎక్కడా పెట్టొద్దు. మన తొట్టిని ఆ మూడు మోలీలతోనే ఆరు వారాలు నడుపుదాం. కొంచెం నీటి మొక్క వేద్దాం, మేత చిటికెడే, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చుదాం. తేదీలు పిల్లలే నోటు పుస్తకంలో రాయాలి. ఆ తర్వాత నాలుగు మోలీలు, ఆరు గప్పీలు, రెండు వారాలు నిలిచినవి, ఆ పిల్లవాడి దగ్గరే కొందాం. అప్పుడు కూడా చస్తే, ఆ నష్టం మేము కట్టుకుంటాం. ఇది ఉట్టి మాట కాదు, కోశాధికారి దగ్గర ఐదు వందలు పెట్టి వచ్చాం.

కొళత్తూరు కార్డుకు ఇప్పుడు జవాబు రాయాలన్నా చిరునామా లేదు, ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా. ఈ రాత ఆ జవాబే అనుకోండి.

ఆదివారం పది గంటలకు కలుద్దాం. పిల్లల్ని కూడా తీసుకురండి.